కొంచెంలో నమ్మకంగా నడుద్దాం

2022 నవంబరులో మా మిత్రుడొకరిని సమాధి చేసి వచ్చాం. సెమినరీలో మాతోబాటు చదువుకున్న దైవజనుడు. వయసు 54. ఆదివారం రెండు ఆరాధనలు జరిపించి, మధ్యాహ్నం ఒక విశ్వాసి ఇంట భోజనం చేసి, సాయంత్రం కాటేజీ ప్రార్థనకు బయల్దేరబోతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. గుండెపోటన్నారు. షుగరు, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నాయి. గుర్తున్న రోజు మాత్ర వేసుకునేవారు, గుర్తులేని రోజు లేదు. నడవమని డాక్టరు చెప్పినప్పుడల్లా ‘పరిచర్యలో తిరగడమే మాకు వ్యాయామం’ అని నవ్వేసేవారు. ఆ తిరుగుడంతా మోటారు సైకిలు మీదే జరిగేదన్నది వేరే విషయం.

సమాధి కార్యక్రమం ముగిసి అందరూ వెళ్లిపోతుండగా ఆయన భార్య మా దగ్గరకొచ్చారు. ‘అన్నయ్యగారూ, ప్రభువు పిలుచుకున్నాడని ఇందాక మీరు ప్రసంగంలో చెప్పారు. ప్రభువే పిలిచాడంటారా? లేక మేమే తొందరపడి పంపించేశామంటారా?’ అని అడిగారు.

పాతికేళ్లకు పైగా పరిచర్యలో ఉన్న మాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి మా సహధర్మచారిణి కూడా ఏడ్చింది తప్ప మాట్లాడలేకపోయింది. తిరిగి వస్తూ బస్సులో మేమిద్దరం ఒకరి పొట్ట వంక ఒకరం చూసుకున్నాం. ఆ రోజు బస్సు దిగి మందిరం మెట్లు ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. మెట్లు తొమ్మిదే.

సైకిలు పోయింది, షుగరొచ్చింది

1995లో మేము మొదటి సంఘానికి వచ్చినప్పుడు మా ఆస్తి ఒక పాత సైకిలు. నాలుగు గ్రామాల పరిచర్య దాని మీదే నడిచేది. ఎండాకాలం ఎదురు గాలిలో తొక్కుతుంటే ప్రాణం పోయినట్టుండేది. మా సహధర్మచారిణి వీధి చివర బోరింగు నుండి రోజుకు పది బిందెల నీళ్లు మోసేది. ‘వ్యాయామం’ అన్న మాట అప్పట్లో మా ఇంట్లో ఎవరూ పలకలేదు. పలకాల్సిన అవసరమూ లేదు.

తర్వాత సంఘం ప్రేమతో మోటారు సైకిలు కొనిచ్చింది. ఇంటికి కుళాయి వచ్చింది, మిక్సీ వచ్చింది. ఇవన్నీ దేవుని మేళ్లే, కృతజ్ఞతార్పణ కూడా చెల్లించాం. అయితే ఒక్క సంగతి లెక్కలో వేసుకోలేదు. కాళ్లు చేసే పని తగ్గింది గానీ, కంచంలో అన్నం తగ్గలేదు. గృహ దర్శనానికి వెళ్తే ప్రతి ఇంట టీ. వద్దంటే విశ్వాసి నొచ్చుకుంటాడు. రోజుకు ఆరిళ్లు తిరిగితే ఆరు టీలు, టీకి రెండు చెంచాల చొప్పున పన్నెండు చెంచాల పంచదార. ఆపైన పుట్టినరోజు ప్రార్థనలో కేకు, గృహప్రవేశంలో లడ్డు, ప్రేమవిందులో బిర్యానీ. ఉపవాస ప్రార్థన కూడా చివరకు విందుతోనే ముగుస్తుంది!

కాళ్లకు పని లేకపోతే గుండెకు ఏమవుతుందో చెప్పిన ఒక పాత పరిశోధన ఉంది. జెరీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ నగరపు డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, 1953లో ఫలితాలు ప్రచురించారు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్ల కోసం రోజంతా మెట్లెక్కి దిగుతుంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. అయినా గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది. ఆ కథ చదివినప్పుడు మాకు మా సైకిలు గుర్తొచ్చింది. కండక్టరుగా పరిచర్య మొదలుపెట్టిన మేము, మధ్యలో ఎక్కడో డ్రైవరు సీట్లోకి మారిపోయాం.

మన దేశం సంగతి చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ఒకటి 2023లో వెలువడింది. దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది, దాని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నవారు మరో 13 కోట్లకు పైగా అని ఆ అధ్యయనం అంచనా. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక మరో అంచనా ప్రచురించింది. దాని ప్రకారం 2022 నాటికి మన పెద్దవారిలో దాదాపు సగం మంది శరీరానికి కావలసినంత శ్రమ చేయడం లేదు. పురుషుల్లో 42 శాతం, స్త్రీలలో 57 శాతం. ఆదివారం మందిరంలో కుడివైపు, ఎడమవైపు కూర్చున్నవారిని చూస్తే ఈ లెక్క మనకు అర్థమవుతుంది.

పౌలు ‘కొంచెం’ అన్నాడు, ‘శూన్యం’ అనలేదు

వ్యాయామం మాట ఎత్తగానే మనవాళ్లలో కొందరు ఒక వాక్యం అప్పగిస్తారు. మొదటి తిమోతి పత్రిక నాలుగో అధ్యాయం ఎనిమిదో వచనం. శరీర సాధన వల్ల కలిగే మేలు కొంతవరకేనని, దైవభక్తి మాత్రం ఇహపరాలకు మేలు చేస్తుందని అక్కడ పౌలు అన్నాడు. నిజమే. కానీ ఆయన ‘కొంచెం’ అన్నాడు గానీ ‘శూన్యం’ అనలేదు. పైగా దానికి ముందటి వచనంలో భక్తి విషయమై సాధన చెయ్యమని తిమోతికి చెప్పడానికి ఆయన వాడిన గ్రీకు మాట వ్యాయామశాల నుండి తెచ్చుకున్నదే. జిమ్నాసియం అనే మాటకూ దానికీ మూలం ఒక్కటే. పనికిమాలిన దానితో భక్తిని పోల్చే మనిషి కాదు పౌలు. అదే పత్రిక తర్వాతి అధ్యాయంలో తిమోతి కడుపు జబ్బు గురించి ఆలోచించి సలహా చెప్పినదీ ఆయనే.

కొరింథు పట్టణం పక్కనే ఇస్త్‌మియాలో రెండేళ్లకోసారి పెద్ద క్రీడోత్సవాలు జరిగేవి. గెలిచినవాడికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. పౌలు ఆ పట్టణంలో ఏడాదిన్నర ఉన్నాడు. అందుకే కొరింథీయులకు రాస్తూ, వాడిపోయే కిరీటం కోసం పరుగెత్తేవాడు అన్ని విషయాల్లో మితంగా ఉంటాడని వారికి తెలిసిన సంగతినే గుర్తుచేశాడు.

మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమన్న మాట కూడా ఆ పత్రికలోదే. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆరో అధ్యాయంలో పౌలు ఆ మాట అన్నది జారత్వాన్ని ఖండిస్తూ, నడక గురించి కాదు. అయితే దాని కింద ఆయన వేసిన పునాది వెడల్పైనది. మనం మన సొత్తు కాదు, వెల పెట్టి కొనబడినవారం. కొన్నవాడి ఆస్తిని పాడుచేసే హక్కు కాపలాదారుకు లేదు. మందిరం గోడకు పగులు వస్తే కమిటీ కూర్చుంటుంది, చందా వసూలవుతుంది, నెలలో బాగుచేయిస్తాం. మరి ఈ ఆలయానికి పదేళ్లుగా పగుళ్లొస్తుంటే?

ఇది కొత్త బోధ కూడా కాదు. జాన్ వెస్లీ 1747లోనే సామాన్యుల కోసం ఆరోగ్య గ్రంథం రాసి, వ్యాయామం అవసరమని చెప్పాడు. యువజన క్రైస్తవ సంఘం, అంటే మనందరికీ తెలిసిన వై.ఎం.సి.ఎ., 1920లోనే మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల స్థాపించింది. బాస్కెట్‌బాల్ ఆటను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంత విద్య చదివినవాడే. ప్రార్థన గదికీ ఆట స్థలానికీ మధ్య గోడ కట్టింది మనమే.

నడక సంగతికొస్తే బైబిలు నిండా నడకే. అపొస్తలుల కార్యముల ఇరవయ్యో అధ్యాయంలో తోటివారంతా ఓడ ఎక్కితే, పౌలు మాత్రం త్రోయ నుండి అస్సుకు కాలినడకన వెళ్లాడు. సుమారు 30 కిలోమీటర్లు! ఎమ్మాయు శిష్యులు ఆమడ దూరం నడిచి వెళ్లి, ప్రభువును గుర్తుపట్టిన ఆనందంలో ఆ రాత్రే మళ్లీ అంత దూరమూ నడిచి యెరూషలేము చేరారు.

మూడుసార్లు మొదలు, మూడుసార్లు ఆపు

ఇంత తెలిసీ మేము వెంటనే మారిపోయామనుకోకండి.

మొదటిసారి, 2022 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీర్మానం చేసుకున్నాం. జనవరి ఒకటిన తెల్లవారే గంటసేపు నడిచాం. రెండో రోజు కాళ్లు పీకినా నడిచాం. సంక్రాంతికి బంధువులొచ్చారు, నడక ఆగింది. లెక్కపెడితే పదకొండు రోజులు.

రెండోసారి, 2023 శ్రమకాల ధ్యానాల నలభై రోజులూ నడవాలనుకున్నాం. ఆరో రోజు మోకాలు నొప్పి పుట్టింది. ‘ఉపవాసమే చాలు, ఈ శ్రమ కూడా ఎందుకు’ అని మాకు మేమే పాపవిమోచన చెప్పుకున్నాం.

మూడోసారి, విదేశంలో ఉండే బంధువొకరు పంపిన డబ్బుతో పాత ట్రెడ్‌మిల్లు కొన్నాం. ఇంట్లోనే ఉంటే ఎండా వానా అడ్డు రావు కదా అనుకున్నాం. మూడు వారాల తర్వాత దాని మీద తడి బట్టలు ఆరేయడం మొదలైంది. ఇప్పటికీ ఆ పనికి అది చక్కగా ఉపయోగపడుతోంది.

2023 జూలైలో రక్తపరీక్ష చేయించుకుంటే హెచ్‌బిఎ1సి 7.9 వచ్చింది. మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష అది. 6.5 దాటితే మధుమేహమే. మా సహధర్మచారిణికి 6.2, అంటే గుమ్మం దగ్గర ఉంది. డాక్టరమ్మ మా సంఘస్తురాలు కాదు, హిందూ సోదరి. మందులు రాసిచ్చి, ‘అయ్యగారూ, మీరు ఎంతమందికో నీతి చెబుతారు. మీ కాళ్లకు కూడా రోజూ పది నిమిషాలు చెప్పండి’ అంది. గంట కాదు, పది నిమిషాలు. ఆ అంకె విని మాకు కొంచెం అవమానంగా అనిపించింది. ఆలోచిస్తే, మూడుసార్లూ మేము ఓడిపోయింది గంట దగ్గరేనని తెలిసింది.

ఆమేన్ తర్వాత చెప్పులు

మా ఇంట్లో ఎన్నేళ్లయినా తప్పనిది ఒక్కటే, ఉదయం ఐదింటి ప్రార్థన. జ్వరమొచ్చినా మంచం మీదనైనా జరుగుతుంది. దానికే నడకను తగిలించాం. ఇంతకుముందు ఆమేన్ అనగానే కాఫీ, పేపరు. ఇప్పుడు ఆమేన్ అనగానే బూట్లు. అవి రాత్రే గుమ్మం పక్కన ఉంటాయి. నడిచొచ్చాకే కాఫీ. ‘ఈరోజు నడుద్దామా వద్దా’ అన్న చర్చకు తావే లేకుండా చేశాం. ఆ చర్చ మొదలైతే పాత ఆదాము ఎప్పుడూ గెలుస్తాడు.

మొదటి రెండు వారాలు పది నిమిషాలే నడిచాం. ఇంకా నడవగలం అనిపించినా ఆపేశాం. తర్వాత ప్రతి రెండు వారాలకు ఐదు నిమిషాలు చేర్చాం. తొమ్మిదో వారానికి అరగంట అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 అవుతుంది. ఒక్కసారే చేయాలనీ లేదు, చిన్న ముక్కలుగా చేసినా లెక్కలోకే వస్తుంది. వేగం ఎంతంటే, పక్కవారితో మాట్లాడగలగాలి గానీ కీర్తన పాడలేకపోవాలి. పాట పాడగలుగుతున్నామంటే ఇంకాస్త వేగం పెంచవచ్చు. మాటే రావడం లేదంటే తగ్గించాలి.

పదివేల అడుగులు వేయాలా అని చాలామంది అడుగుతారు. ఆ అంకె వైద్యశాస్త్రం నుండి పుట్టింది కాదు. 1965లో జపానులో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరు అది. రెండు వేలు వేస్తున్నవారు నాలుగు వేలు వేసినా మేలే. అంకెకు భయపడి కుర్చీలో ఉండిపోవడమే నష్టం.

నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులైనా కండరాలకు బలం కావాలని అదే సంస్థ చెప్పింది. వయసు మీరితే కండ కరుగుతుంది, పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. మేము బుధ, శనివారాలు మూడు పనులు చేస్తాం. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకు రెండు చేతులు ఆన్చి, మోచేతులు వంచి గోడ వైపు వాలి, మళ్లీ వెనక్కి రావడం పదిసార్లు. కుర్చీ వీపు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం పదిసార్లు. పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు పట్టదు.

ఇదంతా షుగరుకు ఎలా పనిచేస్తుందంటే, కండరం కదులుతున్నప్పుడు రక్తంలోని గ్లూకోజును తనలోకి లాక్కుంటుంది. ఇన్సులిను సరిగా పనిచేయని వారిలో కూడా ఇది జరుగుతుంది. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులు ఉంటుంది. అందుకే మధుమేహం ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి మానవద్దని వైద్యులు అంటారు. చెన్నై వైద్యులు 531 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మధుమేహానికి గుమ్మం దగ్గరున్న మన దేశస్తులు నడక, ఆహార నియమాలు పాటిస్తే, జబ్బులోకి జారే ప్రమాదం 28 శాతానికి పైగా తగ్గింది.

అడ్డొచ్చినవి

అడ్డంకులు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. మొదటి అడ్డం వీధి కుక్కలు. చేతికర్ర పట్టుకున్నాం. రెండోది జనం. ‘అయ్యగారికి ఈ వయసులో షోకులేమిటి’ అన్నవారు మన సంఘంలోనే ఉన్నారు. చీర మీద బూట్లు వేసుకుని వీధిలో నడవడానికి మా సహధర్మచారిణి నెలరోజులు సిగ్గుపడింది. ఇంటి పనే వ్యాయామం కదా అని స్త్రీల సమాజంలో ఒకరంటే, ‘మా అమ్మకు అయ్యేది, నాకు మిక్సీ ఉంది కదమ్మా’ అంది. ఇప్పుడు గురువారం స్త్రీల కూడిక అయ్యాక ఎనిమిది, పది మంది సోదరీలు మందిరం ఆవరణలోనే ఇరవై నిమిషాలు చుట్లు కొడుతున్నారు. గేటు లోపల కాబట్టి సిగ్గు లేదు.

మూడో అడ్డం వాన. వానాకాలంలో మందిరం లోపలే నడిచాం. వరసల మధ్య నుండి వెళ్తూ, ఆదివారం ఆ చోట ఎవరు కూర్చుంటారో తలచుకుని వారి కోసం ప్రార్థించాం. మూడో వరస చివర కిటికీ పక్కన కూర్చునే తాతగారు నాలుగు వారాలుగా రావడం లేదన్న సంగతి మాకు అలా నడుస్తుండగానే స్ఫురించింది. ఆ సాయంత్రమే వెళ్తే ఆయన మంచాన ఉన్నారు. నడక పరిచర్యకు అడ్డమనుకున్న మాకు, నడకే ఒక గొర్రెను వెదికిపెట్టింది.

నాలుగోది పెద్దది. 2024లో మా సహధర్మచారిణికి డెంగీ వచ్చి ఐదు వారాలు అంతా ఆగిపోయింది. మునుపైతే ‘ఇక అయిపోయింది’ అనుకునేవాళ్లం. ఈసారి మళ్లీ పది నిమిషాల దగ్గరే మొదలుపెట్టాం.

ఇక్కడే మేము నేర్చుకున్న సువార్త ఉంది. మా పాత మూడు ప్రయత్నాలూ ధర్మశాస్త్రం పద్ధతిలో జరిగాయి. ఒక్క ఆజ్ఞ తప్పితే అన్నీ తప్పినట్టే అనుకుని, ఒక్కరోజు మానేయగానే మొత్తం వదిలేశాం. నీతిమంతుడు ఏడుసార్లు పడినా తిరిగి లేస్తాడని సామెతల గ్రంథం చెబుతుంది. లండన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2009లో ఒక ఫలితం చెప్పారు. రోజూ జరిగే ఏదో ఒక పనికి తగిలించిన కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజుల వరకూ పట్టవచ్చని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా వారు గమనించారు. ఆదివారం మేము నడవం, అది విశ్రాంతి దినం. మరే రోజైనా తప్పితే నేరస్తుల్లా తల దించుకోం. మరునాడు మాత్రం తప్పక బయల్దేరతాం. మా నియమం అంతే.

జాగ్రత్తలు

గుండెజబ్బు, ఎక్కువ బీపీ, మధుమేహం ఉన్నవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. ఇన్సులిను గానీ, షుగరును బాగా దించే కొన్ని మాత్రలు గానీ వాడేవారికి నడకలో షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. జేబులో పంచదార పొట్లమో, గ్లూకోజో ఉండాలి. షుగరున్నవారు చెప్పుల్లేకుండా నడవకూడదు. రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూసుకోవాలి, పుండు ఉన్నా తెలియకపోవచ్చు. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే ప్రార్థన చేసుకుంటూనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటికెళ్లి చూద్దాం అనుకోకూడదు. ఎండాకాలం పొద్దెక్కకముందే ముగించాలి. మందులు మాత్రం డాక్టరు చెప్పనిదే మానకూడదు. మందు మానడం విశ్వాసం కాదు.

ఇంకో జాగ్రత్త నాలుకకు సంబంధించింది. జబ్బుపడిన ప్రతివారినీ ‘నువ్వు నడవలేదు కాబట్టే’ అని నిందించే హక్కు మనకు లేదు. యోబు స్నేహితులు చేసిన తప్పు అదే. పౌలు తోటి పనివాడు త్రోఫిము జబ్బుపడి మిలేతులో ఆగిపోయాడు. ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లాడు. నడిచినవారికీ జబ్బులొస్తాయి. చక్రాల కుర్చీలో ఉండి ప్రభువును మహిమపరిచే సోదరులను ఎరుగుదుం. ఆలయానికి విలువ దాని గోడల బలం వల్ల రాలేదు, లోపల నివసించేవాని వల్ల వచ్చింది.

మిస్డ్ కాల్

రెండేళ్లు దాటాయి. పెద్ద అద్భుతమేమీ జరగలేదు. బరువు నాలుగు కిలోలు తగ్గింది. 7.9 కాస్తా 6.8కి వచ్చింది. మాత్ర ఇంకా ఉంది. మా సహధర్మచారిణి గుమ్మం దాటకుండా అక్కడే నిలబడింది, అది చాలు. మందిరం మెట్లు తొమ్మిదీ ఇప్పుడు మాట్లాడుతూ ఎక్కుతున్నాం. టీ దగ్గర మాత్రం ఇంకా యుద్ధమే. పంచదార లేకుండా ఇమ్మని అడగడం నేర్చుకున్నాం. మొదట్లో నొచ్చుకున్న విశ్వాసులే ఇప్పుడు ‘మాకూ అలాగే పెట్టమ్మా’ అంటున్నారు.

ఇంతకీ సమాధుల తోటలో ఆ సోదరి అడిగిన ప్రశ్న ఏమైంది? 2023 జూలైలో మా రిపోర్టు సంగతి తెలిసి ఆమె ఫోను చేశారు. ‘అన్నయ్యగారూ, ఆయనకు గట్టిగా చెప్పలేకపోయాను. మీకైనా చెబుతాను. రోజూ ఐదున్నరకు మిస్డ్ కాల్ ఇస్తాను. నడిచొచ్చి మీరూ ఒకటి ఇవ్వండి. రాకపోతే బస్సెక్కి వచ్చేస్తా’ అన్నారు. అప్పటినుండి ఆ మిస్డ్ కాల్ ఆగలేదు. మేము మూడుసార్లు ఓడి నాలుగోసారి నిలబడటానికి పది నిమిషాలు ఎంత కారణమో, ఆమె మిస్డ్ కాలూ అంతే కారణం. ఒంటరిగా పడినవాణ్ని లేవనెత్తేవాడు లేడన్న ప్రసంగి మాట మాకు ఇప్పుడు అనుభవం.

ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఇప్పటికీ మా దగ్గర లేదు. ఆయువు దేవుని చేతిలో ఉందని నమ్ముతాం, సమాధి దగ్గర అదే ప్రకటిస్తాం. అయితే దేవాలయ శిఖరం మీద నిలబడిన ప్రభువును దూతలు పట్టుకుంటారు దూకమని సాతాను రెచ్చగొట్టినప్పుడు ఆయన దూకలేదు. దేవుణ్ని శోధించకూడదన్నాడు. మనం ఒక్కసారి దూకం. రోజుకో మెట్టు చొప్పున, కుర్చీలో కూర్చునే దూకుతాం. దూతలు పట్టుకోవాలని కోరుకుంటాం. ప్రభువు వంతు ఏమిటో ఆయనకే తెలుసు. మన వంతు ఏమిటో మనకు తెలుసు. ఆమెతో ఒకరోజు ఇంతవరకే చెప్పగలిగాం. ఆమె కాసేపు ఊరుకుని, ‘సరే అన్నయ్యగారూ, రేపు ఐదున్నరకు’ అని పెట్టేశారు.

కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడు ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు నేర్పాడు. ఈ రాత్రి పడుకునేముందు చెప్పులు గుమ్మం పక్కన పెట్టుకుందాం. రేపు ఉదయం ఆమేన్ అన్నాక పది నిమిషాలు నడుద్దాం. నడిచొచ్చాక, మన పరిచయస్తుల్లో కుర్చీకి అంటుకుపోయిన వారెవరో గుర్తుచేసుకుని వారికొక మిస్డ్ కాల్ ఇద్దాం.